నగరం సారు మార్కుల షీటు

ఉమాదేవి పెనుకొండలో హెడ్ కానిస్టేబుల్. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదో ఆమెను అడిగితే చాలు. కానీ పైవాళ్లకు ఆ తెలివి ఎందుకు? వాళ్లకు షీటు కావాల.

మొన్న వేసవిలో బస్టాండు గోడకు ఎవరో కాగితం అంటించినారు, వారంలోగా బాంబు పేలుతుందని. మరుసటి రోజే నగరం నుంచి ఒక కుర్ర అధికారి లాప్‌టాప్ పట్టుకుని దిగినాడు. ఒంటరిగా దాడి చేసే ఉగ్రవాదిని పసిగట్టే పద్ధతంట. ఊళ్లో ఒక్కొక్కరి మీద ఇరవై ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు. ఒక్కడే ఉంటాడా? ఫోన్లు తక్కువా? వైర్లు కొంటాడా?

రైతుల బోరు మోటార్లు చుట్టే మెకానిక్ ఇమాంకు పదిహేడొచ్చినాయి. భార్య షంషాద్‌బీ పోయినప్పటినుంచి ఒక్కడే వండుకు తింటాడు. ఇక వైర్లంటారా, మోటార్లను నులక తాడుతో చుడతారా ఎవరైనా?

"మార్కులు పక్కన పెట్టండి సార్," అనింది ఉమాదేవి. "ఒక్కడే చేసేటోడు గూడా నోరు కట్టుకోని ఉండలేడు. యాడో ఒకచోట వాగింటాడు. ఈమధ్య ఎవురికి ఎవురిమీద కోపమొచ్చిందో చూడల్ల."

"మీకు అనాలిసిస్ అర్థం కాదులేమ్మా," అన్నాడు సారు.

ఇమాంను జీపెక్కించినారు. అతని రాగితీగంతా రోడ్డుమీద పరిచి, గొప్పగా ఫొటోలు దిగినారు. బజారంతా చూసింది.

ఉమాదేవి టీ అంగళ్లన్నీ తిరిగి, చివరికి కటింగ్ షాపు లక్ష్మన్నను కదిలించింది.

"గంగాధరప్ప అంటాండె మేడం. బస్టాండులో నా బంకు అంగడి పీకేసినారు, వాళ్ల కథ చూస్తానని. తమాషాకనుకుంటి."

బంకు కోసం గంగాధరప్ప పెట్టిన పాత అర్జీ తీయించి, గోడ కాగితం పక్కన పెట్టి చూసింది. అదే చేతిరాత. రెండింట్లోనూ 'బస్టాంటు' అనే ఉండాది. అతని ఇంటి అటక మీద టపాకాయల మందు నింపిన డబ్బా దొరికింది. ఇమాంను ఆ సాయంత్రమే వదిలేసినారు.

షీటులో గంగాధరప్పకు వచ్చింది మూడే మార్కులు. పెళ్లాం, పిల్లలు, రోజూ పదిమందితో పేకాట. అంతమందిలో తిరిగేటోడు ఒంటరిగా కుట్ర చేస్తాడని పాపం ఆ లాప్‌టాప్‌కు తోచలేదు.

ఆధునిక విశ్లేషణతో కేసు ఛేదించినామని సారు రిపోర్టు రాసుకుని, శాలువా కప్పించుకుని పోయినాడు.

నెల తర్వాత ఉమాదేవి ఇమాం అంగడికి పోయింది. "తప్పయిపోయింది ఇమాం భాయ్."

అతను తలెత్తలేదు. "నువ్వేం జేస్తివి తల్లీ. ఆ మార్కుల లిస్టులో నా పేరు కొట్టేయించు, చాలు. ఒక్క రైతు గూడా ఈ పక్కకు రాలేదు."

ఆమె పైకి మూడుసార్లు రాసి పంపింది. 'రికార్డు మార్చే వీలు లేదు' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఇమాం అంగడి మూసేసి ధర్మవరం పోయినాడు. ఆడ మరమగ్గాల మోటార్లు బాగుచేసుకుంటాండాడు.