చెయ్యి మంచిది

చేతిలో పట్టుకుని ఆడే ఆ వీడియోగేమ్ మెషిన్ వెనక మూత దానంతటదే పైకి లేచిపోయింది. లోపల బేటరీ పూరీలా ఉబ్బింది. పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే బయటపడిందని అమ్మ నాకిచ్చింది. పారేస్తే పోయేది. విజయనగరంలో మా ఇంటి టేబుల్ మీద వారం రోజులు అలాగే పడి ఉంది. పారేయడానికి చేతులు రాలేదు.

చివరికి కొత్త బేటరీ తెప్పించాను. ఆరు స్క్రూలు విప్పి, పాత సిమ్ కార్డు ఒకటి కిందికి దూర్చి, ఎక్కడైనా గుచ్చుకుంటే మంటలొస్తాయన్న భయంతో ఊపిరి బిగబట్టి, ఉబ్బినదాన్ని జిగురు నుంచి మెల్లగా లేపాను. కొత్తది పెట్టి, వైరు తగిలించి, కాసేపు ఛార్జింగ్ ఎక్కాక మీట నొక్కితే తెర వెలిగింది. అదే ఆట, అదే పిచ్చి పాట. అంటే పోయింది బేటరీ ఒక్కటే. మిగతాదంతా ఇన్నేళ్లూ బాగానే ఉంది. సంతోషించాల్సింది పోయి నాకు సిగ్గేసింది.

మా మావయ్య విశాఖపట్నం నుంచి దాన్ని తెచ్చేసరికి నాకు పదమూడేళ్లు, చెల్లికి తొమ్మిది. ఇద్దరూ ఆడుకోండి అన్నాడు. ఆ 'ఇద్దరూ' నాకు నచ్చలేదు. చెల్లికి అందకుండా వంటింట్లో పొయ్యి మీది అటక పైన దాచేవాణ్ణి. ఆ వేసవంతా కింద నుంచి కట్టెల సెగ, పైనుంచి పెంకుల వేడి. తీసినప్పుడల్లా చెయ్యి చురుక్కుమనేది. ఎండాకాలం ముగిసేసరికి పది నిమిషాలకే ఆరిపోవడం మొదలుపెట్టింది. అంతలో మావయ్య వస్తున్నాడని తెలిసింది. పాడు చేస్తే వాత పెడతానని నవ్వుతూనే చెప్పిన మనిషి. ఆ రోజు, ఎన్నడూ లేనిది, చెల్లిని నేనే పిలిచి దాని చేతిలో పెట్టాను. ఆట మధ్యలో తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

నేనిచ్చినప్పుడు బాగానే ఉంది అన్నాను, అందరి ముందూ. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. తీర్పు మా నాన్నమ్మ చెప్పింది.

"దీని సెయ్యి మంచిది కాదర్రా. ఏటి పట్టుకున్నా ఇంతే."

ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో అది చిన్న మాట కాదు. నారు పోసే ఆకుమడిలో వడ్లు చల్లే రోజున మొదటి పిడికెడు, చెయ్యి మంచిదని పేరున్నవాళ్ల చేతే చల్లిస్తారు. మా ఇంట్లో అప్పటిదాకా ఆ పేరు చెల్లిది. నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి నాన్న దాన్ని భుజాల మీద ఎక్కించుకుని మడి దగ్గరికి తీసుకెళ్లేవాడు. ఆ ఏడాది దాన్ని గట్టు మీదే నిలబెట్టి, వడ్లు నా చేతిలో పోశారు. నేను చల్లాను. పైగా నారు ఒత్తుగా మొలిచింది. చూశారా అంది నాన్నమ్మ. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. చెప్పిన అబద్ధం కంటే, అలా తిరిగినందుకే ఇప్పుడు నా మీద నాకు అసహ్యం.

చిన్నప్పటి సంగతి, చెల్లి ఎప్పుడో మరిచిపోయి ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆ మెషిన్ పట్టుకుని శృంగవరపుకోట దగ్గర దాని అత్తవారింటికి వెళ్లాను. పెరట్లో చెల్లి గుంటలు తవ్వేసి, నానబెట్టిన ఆనపకాయ గింజలు గిన్నెలో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. పెట్టవేం అని అడిగాను. అత్తగారు సంత నుంచి రావాలట, గింజలు ఆవిడే పెడతారట. తన చేత్తో పెడితే మొలవవు కదా అంది, అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ పెరట్లో గుంటలు తవ్వేది తను, నీళ్లు పోసేది తను. గింజ మాత్రం ఒక్కటీ పెట్టలేదు.

అక్కడే, ఆ గుంటల పక్కనే అంతా చెప్పేశాను. అటక, సెగ, పది నిమిషాలు, తెలిసి తెలిసీ దాని చేతిలో పెట్టడం. మెషిన్ వెలిగించి చూపించాను. నీ చెయ్యి వల్ల కాదే, నా వల్ల అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. తెర వంక చాలాసేపు చూసింది. మీట నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి ఆకుమడి కాడ సెప్పొచ్చు కదా అన్నియ్యా. నాను గట్టు మీదే ఉన్నాను."

మెషిన్ ఆర్పి పక్కన పెట్టాను. కొండల వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. అత్తగారు ఇంకా రాలేదు. చెల్లి లేచి, గిన్నెలో గింజలు నా దోసిట్లో పోసింది.

"వానొచ్చీలాగున్నాది. నువ్వెట్టీ. నీ సెయ్యి మంచిది కదా."

ఎత్తిపొడుపేమోనని దాని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అంది.