పెట్టెల్లేని స్పీకర్లు, అలగని అల్లుడు

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో మగపిల్లాడికి పెళ్లికి ముందు ఒక రకం భయాలు, పెళ్లయ్యాక ఇంకో రకం భయాలు ఉండేవి. మొదటి రకంలో లెక్కల మాస్టారు, వీధి గుమ్మంలో నాన్నగారి చెప్పుల చప్పుడు, పరీక్షా ఫలితాల రోజున పేపరు వేసే మనిషి సైకిలు బెల్లు వగైరాలు. వయసుతోపాటు అవి వాటంతటవే రాలిపోయేవి. రెండో రకంలో మాత్రం ఒక్కటే ఉండేది, మామగారు. ఇప్పటి అల్లుళ్లు మామగారి భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నారు. చూసి ముచ్చటపడుతూనే ఉంటాను గానీ, నా చెయ్యి మాత్రం ఎందుకో జేబులోకి పోతుంది. (మా మామగారి భుజం నాకు అందేది కూడా కాదు, అది వేరే సంగతి.)

మా మామగారిది జంగారెడ్డిగూడెం అవతల పల్లెటూరు. పొగాకు, జీడితోటలు ఉన్న రైతు. ఆరడుగుల మనిషి, మీసం ఆయనకంటే ముందు గుమ్మంలోకి వచ్చేది, మాట మాత్రం చాలా తక్కువ. ఆయన "ఊఁ" అంటే తోటలో పని మొదలయ్యేది, "ఊహూఁ" అంటే ఆగిపోయేది. నేనేమో రాజమండ్రిలో ఒక ఆఫీసు గుమస్తాని, గాలేస్తే గొడుగుతో సహా ఎగిరిపోయే శాల్తీని. పెళ్లిలో అలకపాన్పు వేడుక రోజున నన్ను పట్టెమంచం మీద కూర్చోబెట్టారు. అల్లుడు అలగాలి, అత్తింటివారు బతిమాలాలి, ఏదో ఒకటి అడిగి పుచ్చుకుని లేవాలి, అదీ ఆనవాయితీ. స్కూటరు అడుగు, లేవకు, అని స్నేహితులు నూరిపోసి పంపారు. తీరా మామగారు వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏం కావాలండీ బాబుగారూ?" అనేసరికి స్కూటరు మాటే మర్చిపోయాను. "ఏం వద్దండి" అన్నాను. "మొహమాటపడకండి." "అబ్బే, నిజంగానండి, ఏం వద్దండి" అంటూ మంచం దిగబోయాను కూడా. పక్కనున్న ముత్తయిదువలు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. కాసేపు నా మొహంలోకి చూసి, ఏదో ఆలోచిస్తూ వెళ్లిపోయారు. ఎంత బుద్ధిమంతుడినని మురిసిపోతున్నారో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కాపురం రాజమండ్రిలో, ఒక పెంకుటింటి వాటాలో పెట్టాం. నాకప్పుడు ఒకటే పిచ్చి, పాట. పాటంటే పాడటం కాదు, వినడం. రేడియో రిపేరు చేసే మిత్రుడొకడు పాడైపోయిన పాతకాలం రేడియోల్లోంచి రెండు స్పీకర్లు తీసి నాకిచ్చాడు. పల్చటి కాగితపు గరాటా, వెనక బరువైన అయస్కాంతం. సన్నటి గొంతుకి ఒకటి, లావు గొంతుకి ఒకటి అని వేరే లేకుండా అన్నిటినీ ఒక్కటే పలుకుతుంది, ఫుల్ రేంజ్ అనేవాడు వాడు. "వీటికి పెట్టె కట్టకురోయ్, గొంతు పిసికినట్టే. వెడల్పాటి చెక్కపలకకి కన్నం చేసి బిగించి, వెనక వదిలెయ్. ఊపిరాడనీ" అన్నాడు. స్పీకరు ముందుకి ఎంత పాడుతుందో వెనక్కీ అంతే పాడుతుందట. ఆ రెండూ పలక అంచు చుట్టి వచ్చి కలుసుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మద్దెల మోత మాయమైపోతుంది. అందుకని పలక వెడల్పు ఉండాలి. అలాగని తీసుకెళ్లి గోడకి ఆనిస్తే వెనక పాట గోడకి తగిలి మాట ముద్దయిపోతుంది. అందుకని నడి గదిలోకి జరపాలి.

జరిపాను. ఛాతీ ఎత్తు పలకలు రెండు, వాటికి చేటంత వెడల్పు కాళ్లు బిగించి, నడింట్లో నిలబెట్టాను. "ఇదేంటండీ, తలుపులూడదీసి ఇంటి మధ్యలో పెట్టారూ!" అంది మా ఆవిడ. రోజూ ఆఫీసునుంచి రాగానే చొక్కా విప్పి వీటిని బొటనవేలంత ముందుకి, బొటనవేలంత వెనక్కి, కాస్త లోపలికి తిప్పి, కాస్త బయటికి తిప్పి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుని వినేవాణ్ణి. ఎక్కడ పెట్టానో మర్చిపోకుండా నేల మీద సుద్దగీతలు గీసేవాణ్ణి, ఆవిడ తడిగుడ్డ పెట్టి తుడిచేసేది, మళ్లీ మొదటికొచ్చేది. ఒక సాయంత్రం టేపురికార్డర్లో పౌరాణిక పద్యాల కేసెట్టు పెట్టి ఒక పలకని ఇంతే ఇంత తిప్పాను. ఉన్నట్టుండి గొంతు పలకల్లోంచి బయటికొచ్చి, రెండిటి మధ్యా ఖాళీలో మనిషల్లే నిలబడింది. ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది. మా ఆవిడ వంటింట్లోంచి పైట సర్దుకుంటూ గబగబా వచ్చి, "ఎవరండీ వచ్చిందీ?" అంది. ఆ ప్రశ్నకి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నా జన్మలో నా చేత్తో నేను చేసి, అది పనిచెయ్యగా చూసింది అదొక్కటే.

ఆ వారంలోనే మామగారూ అత్తగారూ చూసిపోదామని వచ్చారు. ఆయన చేతిలో జీడిపప్పు సంచి, ఆవిడ చేతిలో ఊరగాయ జాడీ. అత్తగారు నా ఎదుటపడి మాట్లాడేవారు కాదు, గుమ్మం కర్టెను వెనక నిలబడి గోడకో గాలికో చెప్పేవారు. మామగారు లోపలికొచ్చి పలకల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. వెనక్కి వెళ్లి వంగి చూశారు. అయస్కాంతం, తుప్పు, వేలాడే తీగలు. కర్టెను వెనకనుంచి, "పెట్టెలు ఇంకా రాలేదేమో పాపం" అని గాలికి చెప్పారు అత్తగారు. మామగారు నావైపు చూశారు. ఇక్కడే నోరు విప్పి, ఇవి ఇంతేనండి, పెట్టె ఉండకూడదండి, అని చెప్పి ఉంటే ఈ కథ లేదు. ఆ మీసం చూశాక నా నోట్లోంచి మర్యాదకి మా వైపు జనం అందరూ అనే మాటే వచ్చింది. "ఏదో అండి, ఉన్నంతలో." కాఫీ ఇచ్చినా, మేడ కట్టినా మేం అదే అంటాం. ఆయన మొహం మాత్రం మాడిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆయన తినకపోతే నాకేం దిగుతుంది? నేనూ తినలేదు.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ విషయం చెప్పింది. అలకపాన్పు మీద ఏమీ అడగని అల్లుడంటే వాళ్లింట్లో అప్పటినుంచీ హడలట. అడిగినవాడైతే ఇచ్చి ఊరుకోవచ్చు, అడగనివాడు మనసులో ఏం పెట్టుకున్నాడో ఎవరికి తెలుసు? ఇన్నాళ్లకి ఆ అలక బయటపడిందని మామగారి నమ్మకం. పెట్టెల్లేని స్పీకర్లు నడింట్లో నిలబెట్టి, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా, మా మామగారు పెట్టెలైనా కొనివ్వలేదు అని చాటుతున్నానన్నమాట! "రేపే వెళ్లి చెప్పేయండి, గొడవొదిలిపోద్ది" అంది ఆవిడ. "నువ్వు చెప్పు" అన్నాను. "నేను చెప్తే, అల్లుడు నా కూతురిచేత అబద్ధం ఆడిస్తున్నాడంటారు." అదీ నిజమే మరి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. రెండు బస్సులు మారి జంగారెడ్డిగూడెం వెళ్లి ఆయన ఎదుట నిలబడి "మీరు పొరబడ్డారండి" అనడం ఊహించుకుంటేనే దుప్పటి తడిసిపోయింది. (చెమటతోనేనండి.)

నేను ధైర్యం కూడగట్టుకునేలోపలే ఒకరోజు ఆఫీసునుంచి వచ్చేసరికి ఇంటి ముందు ట్రాక్టరు ఆగి ఉంది. నడింట్లో మామగారూ, ఆయన వెంట వచ్చిన వడ్రంగీ. నా పలకల వెనక, టోపీ తొడిగినట్టు, నున్నటి టేకు పెట్టెలు! మీద హంసలు చెక్కించారు, పక్కల ఇత్తడి పువ్వులు. ఆ టేకు ఆయన సొంత పెరట్లోదట, కూతురికి మంచం చేయిద్దామని దాచినదట. "పెట్టండి బాబుగారూ, విందాం" అన్నారు. పద్యం పెట్టాను. పద్యంలోని మహారాజు బిందెలో తలపెట్టి పాడుతున్నట్టుంది. హార్మోనియం జలుబు చేసినట్టు గుర్రుమంది. పలకల మధ్య నిలబడే మనిషి లేడు, పోయాడు. నా ప్రాణం ఉసూరుమంది. అందరూ నా మొహమే చూస్తున్నారు. "అద్భుతమండి" అన్నాను. మామగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. ఆయన కళ్లొత్తుకోవడం చూశాక, ఇక ఈ జన్మలో నిజం చెప్పలేనని నాకు తేలిపోయింది.

అక్కడినుంచి మొదలైంది నా దొంగ బతుకు. ఆయన బస్సెక్కగానే మరలు విప్పి పెట్టెలు తీసేసేవాణ్ణి, వస్తున్నారని కబురు రాగానే తొడిగేవాణ్ణి. స్క్రూడ్రైవరు దిండు కింద ఉండేది. ఖాళీ పెట్టెలు ఊరికే ఎందుకని మా ఆవిడ ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఇంకోదాంట్లో వాళ్ల నాన్నగారు పంపే జీడిపప్పూ చింతపండూ పోసింది. కాబట్టి కబురు రాగానే ముందు ఉల్లిపాయలు మంచం కిందకి దొర్లించాలి. ఒకసారి కంగారులో నా తువ్వాలు సగం లోపల, సగం బయట పెట్టి మరలు బిగించేశాను. "అదేంటండీ?" అన్నారు మామగారు. "దుమ్ము పోకుండానండి" అన్నాను. ఆయన తలూపి, మర్నాడు పాత తువ్వాళ్లు ఒక కట్ట పంపించారు. ఇంకోసారి పద్యం మధ్యలో "పెట్టెల్లోంచి చింతపండు వాసనొస్తందేంటండీ?" అన్నారు. నేను గబుక్కున వాల్యూము పెంచాను. వీధిలో బస్సు హారను వినబడితే చాలు చెయ్యి దిండు కిందకి పోయేది. దొరికితే ఏమవుతుంది? కూతురి మంచానికి దాచుకున్న కర్ర ఇస్తే, అల్లుడు దాంట్లో ఉల్లిపాయలు పోశాడన్న మాట నలుగురిలో పడుతుంది. ఆయన మళ్లీ మా గడప తొక్కరు. మా ఆవిడకి పుట్టిల్లు దూరమవుతుంది. నా భయం అదీ.

అనుకున్నంతా అయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, పెట్టెలు తీసేసి, కళ్లు మూసుకుని పద్యం వింటున్నాను. ఆయన ఆ రోజు బస్సులో రాలేదు, ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని, కబురు లేకుండా వచ్చారు. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో మీసం. ఆయన చూపు పలకల మీదినుంచి గోడ వారకి వెళ్లింది. అక్కడ హంసల పెట్టె, దాన్నిండా ఉల్లిపాయలు, పైన ఒక బీరకాయ. నేను లేచి నిలబడ్డాను. "అయితే బాబుగారికి నచ్చలేదన్నమాట" అన్నారు, చాలా చిన్నగా. కేకలేసినా బావుండేది. "అమ్మాయికి చెప్పి వెళ్తానండి" అంటూ వంటింటివైపు నడిచారు. వంటింట్లోకి వెళ్లాలంటే పలకల వెనకనుంచే దారి. సరిగ్గా ఆయన అక్కడికెళ్లేసరికి కేసెట్టులో రాజుగారు రాగం ఎత్తుకున్నాడు. మా వైపు ఒక మర్యాద ఉంది, స్టేజీ మీద రాగం నడుస్తుండగా ఎంత పెద్దమనిషైనా లేచి వెళ్లకూడదు. మామగారు ఆగిపోయి, పలక వెనక స్పీకరువైపు వంగారు. నాకు పలక పైన ఆయన నెరిసిన జుట్టు మాత్రమే కనబడుతోంది. రాగం సాగుతూనే ఉంది. అది ఇంకా అవ్వకుండానే పలక వెనకనుంచి, "ఇక్కడ కూడా పాడతన్నాడేంటండీ!" అన్నారు.

మొహం కనబడకపోవడం ఎంత గొప్ప సదుపాయమో నాకు ఆ క్షణాన తెలిసింది. మీసం లేని ఆ గొంతు మామూలు మనిషి గొంతు. "ఆయ్, వెనకా అంతేనండి" అన్నాను. "పెట్టె పెడితే ఆ వెనకది లోపలే ఉండిపోయి, ముందుదాన్ని కూడా పాడుచేస్తదండి." "మరి ఆ రోజే చెప్పొచ్చు కదండీ." "భయమేసిందండి." "ఎవరంటే?" "మీరంటేనండి." రాగం అయిపోయింది, హార్మోనియం ఆగింది. అప్పుడు ఆ పలక వెనకనుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. "నాకూ మీరంటే భయమేనండి. అలకపాన్పు మీద మీరు ఏం వద్దన్న కాణ్ణుంచీ నేను సరిగ్గా అన్నం తిన్లేదండి బాబుగారూ" అన్నారు. వంటింటి గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని, "ఇద్దరూ ఇద్దరే! సరిపోయారు" అని, నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా లోపలికి పోయింది. మామగారు వెళ్లలేదు. "ఇంకోటి పెట్టండి" అన్నారు, అక్కడినుంచే.

ఆ తరవాత మా మధ్య భయం పోయిందనుకుంటారేమో, అదేం లేదు. ఎదురెదురుగా పడితే మళ్లీ ఆయన బాబుగారూ, నేను చిత్తమండి. అల్లుడితో సమానంగా పక్కపక్కన కూర్చుంటే అత్తగారు ఒప్పుకునేవారు కారు కూడా. అందుకని ఆయన వచ్చినప్పుడల్లా కుర్చీ తీసుకెళ్లి పలకల వెనక వేసుకునేవారు. ముందు నేను, వెనక ఆయన, మధ్యలో పద్యం. పొగాకు ధర పడిపోయినప్పుడు ఎంత బెంగపడ్డారో, మా ఆవిడ పురుడప్పుడు ఆస్పత్రి బయట నిలబడి ఎన్ని మొక్కులు మొక్కుకున్నారో, అన్నీ నాకు ఆ పలక వెనకనుంచే చెప్పారు. నా ఆఫీసు బాధలు ఆయన తప్ప ఇంకెవరూ వినలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరూ లేనప్పుడు పలకతో మాట్లాడబోయి, నన్ను నేను తిట్టుకుంటుంటాను.

మొన్నామధ్య మా అల్లుడు వచ్చాడు. ఈ కాలం పిల్లాడు, నన్ను చూసి బెదిరే రకం కాదని నా నమ్మకం. నాకే అతనంటే బెదురు. ఏం పెడితే తింటాడో, ఏ మాటకి ఏమనుకుంటాడో! ముందు కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, పద్యం పెట్టి, చూద్దును గదా, నా కుర్చీ నేనే మోసుకుంటూ పలకల వెనక్కి వెళ్తున్నాను. ఎవరూ చెప్పలేదు, కాళ్లే తీసుకెళ్లాయి. కాసేపయ్యాక అటువైపునుంచి, "మావయ్యగారూ, ఒక మాట చెప్పాలండి. కోపం రాదు కదా?" అన్నాడు. "చెప్పండి బాబూ" అన్నాను. అతను గొంతు బాగా తగ్గించాడు. "అత్తయ్యగారు నేనొచ్చినప్పుడల్లా ఎంతో ప్రేమగా ఆ కాకరకాయ వేపుడు చేస్తారు కదండీ. నాకు కాకరకాయంటే అస్సలు పడదండి. పెళ్లయిన దగ్గర్నుంచీ చెప్దామంటే భయమేస్తందండి."

వంటింట్లోంచి అదే వేపుడు వాసన వస్తోంది. నేను వాల్యూము కాస్త పెంచి, వంగి, పలక అంచు దగ్గరగా నోరు పెట్టాను. "గట్టిగా అనకండి బాబూ" అన్నాను. "నాక్కూడా పడదు."