అమ్మ దగ్గర పెరిగిన పిల్లలు

నాచారంలో మా పక్క గదిలో ఉండే ఆమెను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని ఆమెది. భర్త పీర్జాదిగూడలో కడుతున్న బిల్డింగ్ మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత వాళ్ల పెద్దమ్మాయి బడికి రావడం మానేసింది. ఐదో తరగతిలో మేమిద్దరం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఇప్పుడు తల్లి డ్యూటీకి పోతే, చంటి తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చునేది. నేను బ్యాగు తగిలించుకుని పోతుంటే ముఖం తిప్పుకునేది.

అమ్మకు చెప్పాను. మిషన్ మీద జాకెట్లు కుడుతున్న అమ్మ, పని ఆపి పక్క గదికి నడిచింది.

"రేపటి సంది పిలగాన్ని నాకాడ ఇడిసిపెట్టు. పెద్దదాన్ని బడికి తోలు."

"నీకు కుట్టుడు పనుంటది గదక్కా. ఊకెనే ఎట్ల ఇడిసిపెట్టాలె?" అంది చిన్నమ్మ.

"ఊకెనే ఎందుకు? సెలవునాడు వచ్చి నా జాకెట్లకు హుక్కులు కుట్టు. అయిపాయె!"

మర్నాడు నా స్నేహితురాలు నాకంటే ముందే తయారై మా గుమ్మం ముందు నిలబడింది.

అది చూసి గల్లీలో మరో ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని తెచ్చారు. ఒకరోజు షిఫ్టు నుంచి వచ్చిన నాన్నకు కూర్చోవడానికి చోటు దొరకలేదు.

"ఏందే ఇది, ఇల్లా, అంగన్‌వాడీనా?" అన్నాడు. మరుసటి ఆదివారం తనే పాత చీరతో ఉయ్యాల కట్టాడు.

పిల్లల గొడవలో అమ్మ కుట్టుపని వెనకబడింది. పాత గిరాకీలు వేరే చోటికి పోయారు. అది చిన్నమ్మ కనిపెట్టింది. ఫ్యాక్టరీలో తనతో పనిచేసే వాళ్లందరి జాకెట్లూ మోసుకొచ్చి మిషన్ పక్కన కుప్ప పోసింది.

"నిదానంగా కుట్టక్కా. తొందరేం లేదని చెప్పినా వాళ్లకు," అంది.

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు చిన్నమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నీ బిడ్డ పాసైంది," అంటూ ఏడ్చేసింది.

"ఇద్దరు బిడ్డలు పాసైన్రు నాకు," అంది అమ్మ, మమ్మల్నిద్దరినీ దగ్గరకు లాక్కుంటూ.

నా స్నేహితురాలికి నాకంటే చాలా ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ మాట గల్లీ అంతా తిరిగి చెప్పింది నేనే. నాన్న చౌరస్తాకు పోయి, అందరికీ వేడి వేడి మిర్చీ బజ్జీలు పట్టుకొచ్చాడు.