బీరువాలో ఉన్న టీచరు

కరుణాకుమారి చదువంతా హోరేబు ఇంగ్లీషు మీడియం స్కూలు ఆఫీసు గదిలో, ఆకుపచ్చ బీరువా రెండో అరలో ఉంది. పదో తరగతి మార్కుల జాబితా, ఇంటరుది, డిగ్రీది, ఇంగ్లీషు ఎం.ఏ. పట్టా, బి.ఎడ్. పట్టా, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో, అన్నీ అసలువి. ఉద్యోగంలో చేరిన రోజున ఇచ్చింది. పంతొమ్మిదేళ్లయింది. ఇక్కడి ప్రైవేటు బళ్లలో అదొక ఆచారం. టీచరు నడిమధ్యలో వదిలిపోకుండా ఒరిజినల్స్ యాజమాన్యం పట్టుకుంటుంది. చట్టం ఒప్పుకోదని అందరికీ తెలుసు. అడిగినవాళ్లకు ఉద్యోగం ఉండదని అంతకంటే బాగా తెలుసు.

ఇప్పుడా కవరు ఆమెకు కావాలి. సోమవారానికి కావాలి.

నలభై ఏడేళ్ల వయసులో, నాలుగోసారి రాసిన డీఎస్సీలో ఇంగ్లీషు పోస్టుకు ఆమె పేరు వచ్చింది. సోమ, మంగళవారాల్లో నెల్లూరులో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించలేకపోతే తర్వాతి పేరును పిలుస్తారు. ఇంకో డీఎస్సీ వచ్చేనాటికి ఆమెకు వయసు మిగలదు. నకళ్లు తెచ్చుకుందామంటే పోలీసు కాగితం, పేపరు ప్రకటన, యూనివర్సిటీ చుట్టూ తిరగడం, అంతా నెలల పని. రొయ్యల గుంటల మీద కాపలా కాసి చదివించిన తండ్రి దావీదు ఆ కాగితాలను చూసుకుని మురిసిపోతూనే కన్నుమూశాడు. తల్లి రెబెక్కమ్మ ఉంది. పెళ్లి మాట ఎప్పుడో దాటిపోయింది. దొరవారిసత్రానికి తూర్పున, సరస్సు వైపున్న ఆ ఊళ్లో కరుణాకుమారికి ఉన్నదల్లా ఆ చదువే.

ఆమె పేరు ఎంపిక జాబితాలో వచ్చిన ఏడాదే బళ్లోకి ట్రెవర్ కూడా వచ్చాడు.

వేసవిలో సెలవుల బైబిలు బడి నడపడానికి అమెరికా నుంచి ఒక జట్టు వచ్చింది. పది రోజులు పిల్లల చేత పాటలు పాడించి అందరూ వెళ్లిపోయారు. ఇరవై రెండేళ్ల ట్రెవర్ మాత్రం ఉండిపోయాడు. ఉండిపోయాడనేకంటే కరస్పాండెంట్ జడ్సన్ ఉంచుకున్నాడనడం సబబు. జూన్ రాకముందే సూళ్లూరుపేట బస్టాండు ఎదుట ఫ్లెక్సీ లేచింది. నిలువెత్తు ట్రెవర్, కింద ‘అమెరికా టీచరు నోట అమెరికా ఇంగ్లీషు’ అని పెద్దక్షరాలు. బడిలో కొత్తగా రెండు సెక్షన్లు పెరిగాయి.

అమెరికాలో ట్రెవర్ ఏం చేసేవాడో మధ్యాహ్నం అన్నాల దగ్గర కరుణాకుమారే అడిగింది. కుర్రాడు దాచలేదు. స్కూలు చదువు అయ్యాక రెండేళ్లు టైర్ల షాపులో పని. పాఠం చెప్పడం ఎక్కడైనా నేర్చుకున్నావా అంటే నవ్వాడు.

“లేదు మేడం. నాకు ఇంగ్లీషు వచ్చుగా.”

తెలుగు వచ్చిన ప్రతివాడూ తెలుగు పంతులు కాలేడని మనకు తెలుసు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఏ గాలికి పోతుందో. ట్రెవర్‌కు పదో తరగతి ఇచ్చారు. కరుణాకుమారిని మూడో తరగతికి దించారు. ట్రెవర్ ఏ రోజు ఏం చెప్పాలో ముందురోజు సాయంత్రం రాసిచ్చే పని కూడా ఆమెదే. రాసిచ్చినది అతను చదివేవాడు. పిల్లలు ఎందుకని అడిగితే, “మేం అట్లాగే అంటాం, ఎందుకో తెలీదు” అని పాట ఎత్తుకునేవాడు. చెడ్డవాడు కాడు. పిల్లల మీద చెయ్యెత్తడు, వాళ్లతో సమానంగా ఎండలో ఆడతాడు. చేతకాని పనిలో నిలబెడితే మంచివాడైనా ఏం చేస్తాడు?

జులైలో గుర్తింపు రెన్యువల్ కోసం విద్యాశాఖ వాళ్లు తనిఖీకి వచ్చారు. ఆ పొద్దున జడ్సన్ ట్రెవర్‌ని కారెక్కించి సూళ్లూరుపేట పంపించేశాడు. కరుణాకుమారిని పదో తరగతిలో నిలబెట్టాడు. తనిఖీకి వచ్చినాయన ఆమె సర్టిఫికెట్లు తిప్పి చూసి, పాఠం విని, బాగుందమ్మా అని రాసుకుని వెళ్లాడు. కారు గేటు దాటగానే ఆమె సుద్దముక్క కింద పెట్టి మూడో తరగతికి నడిచింది. పిల్లలు చూస్తూనే ఉన్నారు. కాగితం మీద ఇంగ్లీషు టీచరు ఆమె. క్లాసులో టైర్ల షాపు కుర్రాడు. రేపు మార్చిలో పిల్లలు తప్పితే, ఆ తప్పు పడేది మళ్లీ కాగితం మీదున్న పేరు మీదే.

ట్రెవర్‌కు పాఠం చెప్పడం రాదని మొదట పట్టుకున్నవాడు సైదావలి. సూళ్లూరుపేటలో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. కూతురు షాహిస్తా పదో తరగతి. ఆ పిల్ల నోటుబుక్కు పట్టుకుని మూడో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“చూడండి మేడం. పేజీకొక చుక్క అంటించినాడు. ఒక్క తప్పూ దిద్దలా. నాకు ఇంగ్లీషు రాదు, ఇంజను వచ్చు. ఏ ఇంజనూ ఒక్క రిపేరూ లేకుండా నెలంతా తిరగదు. ఇదెట్ట?”

కరుణాకుమారి పుస్తకం తిప్పింది. బంగారు రంగు స్టార్ స్టిక్కర్లు. చుక్కల కింద వరసకు రెండు తప్పులు.

“మీరు చెప్పండి మేడం. మీరు మంచిదంటే మంచిదని నమ్ముతా.”

ఆమె పుస్తకం మూసి ఇచ్చేసింది. శుక్రవారం సాయంత్రం కవరు అడగడానికి ఆఫీసు గదిలోకి వెళ్లింది. తాళంచెవుల గుత్తి జడ్సన్ చొక్కా జేబులో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

“దేవుని కృప కరుణమ్మా, గవర్నమెంటు ఉజ్జోగం. నాకెంత సంతోషమో చెప్పలేను,” అన్నాడు జడ్సన్. “ఇస్తా. ఇవ్వకుండా ఎట్టుంటా? రేపు పేరెంట్స్ మీటింగు ఉంది గదా. ఆ సైదావలి ఊరంతా ఏందేందో చెప్తా తిరగతా ఉండాడు. నువ్వు లేచి రెండు ముక్కలు చెప్పు. ట్రెవర్ ట్రైనింగైన టీచరు, నేనే దగ్గరుండి చూసినా అని. మీటింగయినాక తాళం నీ చేతికే ఇస్తా.”

“చెప్పకపోతే సార్?”

“అట్టా అన్నానా నేను? నువ్వు నడిమధ్యలో పోతే స్కూలు గుర్తింపు ఏం కావాల చెప్పు. కాయితాల మీద నువ్వే గదా టీచరు.”

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. రెబెక్కమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

“మా జేజి మిషను దొరసానమ్మ దగ్గర అక్షరాలు దిద్దింది. మాలపల్లెలో పలక పట్టిన మొదటి ఆడది. ఆ తెల్లోళ్లు రాకపోతే మనం యాడుండేవాళ్లం మే? దొరబిడ్డ మీద నోరు జారమాక.”

“ఆ దొరసానమ్మ టీచరు చదువు చదివి వచ్చిందంట గదమ్మా. వచ్చి ముందు మన తెలుగు నేర్చుకున్నింది. ఈ పిల్లోడు టైర్లు మార్చినోడు.”

“మార్చినాడు పో. రెండు ముక్కలు అబద్ధం చెప్పు. దేవుడు క్షమిస్తాడు. డీఎస్సీ వోళ్లు క్షమించరు.”

ఈ ఊళ్లకు అక్షరం మోసుకొచ్చిన వాళ్ల ముఖం తెల్లగా ఉంది కాబట్టి, తెల్లముఖం ఉన్న ప్రతివాడూ అక్షరం మోసుకొస్తాడని నమ్మడం ఇక్కడి మనుషుల పొరపాటు. కృతజ్ఞతలోంచి పుట్టిన పొరపాటు గనక దాన్ని వేలెత్తి చూపడానికి ఎవరికీ మనసు రాదు. జడ్సన్ అమ్ముకుంటున్నది సరిగ్గా దాన్నే.

శనివారం షామియానా కింద కుర్చీలు వేశారు. కరుణాకుమారి రెండు ముక్కలూ బట్టీపట్టింది. నిజంగానే చెబుదామని లేచింది. ఇది రాసిపెట్టాలి, ఎందుకంటే తర్వాత ఆమెను కొందరు వీరనారి అన్నారు. వీరత్వమేమీ లేదు. ఆమెకు ఉద్యోగం కావాలి.

నోరు తెరవబోతుంటే వెనక వరసలోంచి సైదావలి లేచాడు. నోటుబుక్కు చేతిలోనే ఉంది.

“ఒక్క మాట అడగతా మేడం. మా పిల్లని ఆయన పదో తరగతి గట్టెక్కించగలడా?”

జడ్సన్ జేబులో గుత్తి బరువుకు చొక్కా కిందికి సాగి ఉంది. ఆమె దాన్నే చూస్తూ అంది.

“గట్టెక్కించలేడు.”

తర్వాత మిగతాదీ చెప్పింది. అతను టీచరు చదువు చదవలేదని, పరీక్ష పేపరు ఎట్లా ఉంటుందో అతనికి తెలియదని, తనిఖీ రోజున ఏం జరిగిందో, అంతా చెప్పింది. చెప్పి కూర్చుంది. ఊరు కదులుతుందనుకుంది.

ముందు వరసలో టిఫిను అంగడి ధనలక్ష్మి పక్కామెతో అంటున్నట్టు అందరికీ వినపడేలా అంది. “ఆమెకి గవర్నమెంటు ఉజ్జోగం వచ్చేసిందిలే. మన బిడ్డలకి దొర దక్కకూడదని కడుపుమంట.”

నవ్వులు లేచాయి.

“అట్ట కాదు ధనలక్ష్మీ...”

“ఎట్ట కాదక్కా? మా వోడు రెండు నెలల్లోనే ‘హాయ్ మామ్’ అంటా లేస్తా ఉండాడు. పంతొమ్మిదేళ్లు నువ్వు చెప్పినావు గదా, నీ దగ్గర చదివినోడు ఒక్కడన్నా అన్నాడా?”

తన పేరు పదేపదే వినపడుతుంటే, పొగుడుతున్నారేమో అనుకున్నాడు ట్రెవర్. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, “నమస్కారం” అన్నాడు. షామియానా అదిరేట్టు చప్పట్లు కొట్టారు. జడ్సన్ కూడా కొట్టాడు. కొట్టి, చొక్కా జేబు మీద ఒకసారి చెయ్యి వేసుకున్నాడు.

సోమవారం ఆమె జిరాక్సులు పట్టుకుని నెల్లూరు వెళ్లింది. బల్ల వెనకాయన మంచిగానే మాట్లాడాడు. “ఒరిజినల్ లేకుండా నేను సంతకం పెట్టలేనమ్మా. రేపు ఐదింటిదాకా టైముంది, తెచ్చేయండి.”

మంగళవారం పొద్దున సైదావలి బండి మీద ఎక్కించుకుని తిప్పాడు. జడ్సన్ ఫోను మోగలేదు. ఇంటికి తాళం. పోలీసు స్టేషనులో, “మీరూ మీరూ ఒక సంఘమోళ్లే గదా, కూర్చుని మాట్లాడుకోండమ్మా” అన్నారు. మధ్యాహ్నానికి బడికి వెళ్లారు. ఆఫీసు గదికీ తాళమే. కిటికీ ఊచల్లోంచి ఆకుపచ్చ బీరువా కనపడుతోంది, నాలుగడుగుల దూరంలో. పైన పదో తరగతిలో చప్పట్లు కొడుతూ పాట పాడుతున్నారు.

“ఊచలు కోసే మిషను మా షెడ్డులో ఉండాది మేడం,” అన్నాడు సైదావలి, తమాషాకు కాదు.

“దొంగతనం కేసు పెడతాడు భాయ్. అప్పుడు ఆ కాయితాలుండీ ఎందుకు?”

ఆమె కిటికీ కింద మెట్టు మీద కూర్చుంది. మూడయింది. నెల్లూరు చేరాలంటే అప్పటికి బయలుదేరి ఉండాలి. నాలుగయింది. సైదావలి టీ తెచ్చిచ్చాడు, చల్లారిపోయింది. ఐదు గంటలకు బడి బెల్లు కొట్టారు. షాహిస్తా కిందికి వచ్చి, తండ్రినీ మేడాన్నీ చూసి పక్కన కూర్చుంది. నెల్లూరులో ఆ బల్ల మీద తర్వాతి పేరు పిలిచి ఉంటారు.

గురువారం జడ్సన్ ఫోను చేశాడు. గొంతులో ఎప్పటి మర్యాదే.

“కరుణమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. సైదావలి అర్జీ పెట్టినాడంట, రేపు పది గంటలకి మళ్లా తనిఖీకి వస్తా ఉండారు. ఒక్క గంట వచ్చి పదో తరగతిలో నిలబడు. నిలబడితే నీ కాయితాలు నీకిస్తా. ప్రార్థన చేసి చెప్తా ఉండా.”

 

“టీచరు మీ బీరువాలోనే ఉండాది గదా సార్,” అంది కరుణాకుమారి. “తీసి నిలబెట్టుకోండి.”

ఫోను పెట్టేసింది. ఎవరు మే అని లోపల్నుంచి రెబెక్కమ్మ అడిగింది. ఎవరూ కాదని చెప్పింది.