స్తెఫను జేబులో ఏడు మౌసులు

స్తెఫనుకు ఒకే ఒక జబ్బు. ఒకసారికి ఒకే మాట చెప్పేవాడు. ఆ పని పూర్తయి, ఎదుటివాడు "అయింది" అని నోరు తెరిచి చెబితేనే రెండో మాట బయటికొచ్చేది. లేకపోతే తలకిందులుగా వేలాడదీసినా రాదు.

బసంత్‌నగర్ బస్సు ఎక్కడాగుతుందని గోదావరిఖనిలో ఎవరైనా కొత్తవాళ్లు ఆయన్ని అడిగితే వాళ్ల ఖర్మ. "ముందుగాల గా నీళ్ల ట్యాంకు దాక పో" అనేవాడు. ఆ మనిషి ట్యాంకు దాకా పోయి దిక్కులు చూస్తుంటే, నిలబడ్డ చోటునుంచే "అయిందా? ఇగ ఎడమ దిక్కు మల్లు" అని కేకేసేవాడు. ఈలోగా బస్సు వెళ్లిపోయేది. తప్పు బస్సుదే అనేవాడు స్తెఫను.

తన విషయంలోనూ అంతే. భార్య సుగుణమణి గోదావరి అవతల జైపూర్‌లో చెల్లెలింటికి పోయిన రోజు, అన్నం వండుకోవడానికి పదకొండు ఫోన్లు చేశాడు. "బియ్యం కడిగిన. ఇగ?" "పొయ్యి ముట్టిచ్చిన. ఇగ?" పన్నెండోసారి మోగేసరికి ఆమె ఫోను ఆపేసి, ఆయన కడుపు సంగతి ప్రభువుకే అప్పగించింది.

ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో కరెంటు పని చేసి రిటైరయ్యాక, తెలంగాణ రావడానికి ఇంకా రెండేళ్లుందనగా, కరెంటు పని నేర్పే ఒక చిన్న కేంద్రంలో సారుగా చేరాడు. రేకుల షెడ్డు. ఒక పక్క ఏడు కంప్యూటర్లు, ఇంకో పక్క పని బల్లలు. పాఠం కంప్యూటర్ చెబుతుంది, పని చేత్తో నేర్చుకోవాలి. అక్కడ ఊడ్చేది, ఛాయ్ కాచేది సారవ్వ.

సారవ్వ చదివింది రెండో తరగతి. మూడుకు పోలేకపోయానని ఎన్నడూ అనదు, పంతులే తట్టుకోలేకపోయాడంటుంది. మనవరాలు రమను కేంద్రంలో చేర్చిన రోజు, నలుగురూ వింటుండగా స్తెఫనుతో, "మా పిల్లకు ఇంగ్లీషు ఫుల్లుగ వస్తది సారూ" అంది. రమ తల దించుకుంది. పిల్లకు సిగ్గెక్కువ అనుకుంది సారవ్వ.

రమ తండ్రి సదయ్య ముందే తేల్చేశాడు. పాసైతే రామగుండం కరెంటు ప్లాంటులో అప్రెంటిసు. తప్పితే తెల్లారినుంచి బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టడమే, రెండోసారి ఫీజు కట్టేది లేదు. సారవ్వ ఆ రెండో ముక్కను చెవిన పెట్టలేదు. "మా రమ కరెంటు స్తంభమెక్కుతది" అని కాలనీలో గడపగడపకూ చెప్పి వచ్చింది.

మొదట్లో అంతా జోరుగానే సాగింది. తెర మీద "నెక్స్ట్" దగ్గర నొక్కితే పాఠం ముందుకు పోతుంది. రమ అందరికన్నా జల్దీ నొక్కింది. వారానికే పన్నెండు పాఠాలు అయిపోయాయి. సారవ్వ ఆ రోజు ఛాయ్‌లో అల్లం దంచి వేసింది.

మర్నాడు రమ బల్ల మీద ఒక స్విచ్చు, ఒక బల్బు బిగించింది. వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. సారవ్వ చీపురు ఆపి మురిసిపోయింది. స్తెఫను వచ్చి, ఆరిన బల్బు హోల్డరుకు టెస్టరు పెట్టాడు. టెస్టరు వెలిగింది. స్విచ్చు పెట్టాల్సిన తీగ ఒకటి, పిల్ల పెట్టింది ఇంకొకటి. బల్బు ఆరినా కరెంటు మాత్రం అక్కడే కాచుక్కూర్చుంది.

స్తెఫను పోయి ఏడు మౌసులూ పీకి తన జేబుల్లో కుక్కుకున్నాడు. తోకలు మోకాళ్ల దాకా వేలాడాయి.

ఆనాటినుంచి కొత్త చట్టం. "నా అద్దాలు పోయినయ్, అక్షరాలు కానొస్తలేవు" అని, ఇంగ్లీషు మీడియంలో చదివిన జగదీశ్వర్‌ను లేపేవాడు. వాడు తెర మీద ఉన్న ఒక్క మెట్టును అందరికీ వినబడేలా తెలుగులో చెప్పాలి. ఆ ఒక్కటీ అందరూ బల్ల మీద చేయాలి. చేసింది మళ్లీ నోటితో చెప్పాలి. ఆఖరివాడిదీ అయ్యాకే జేబులోంచి మౌసు వచ్చేది. ఒక్క నొక్కు, మళ్లీ జేబులోకి.

విసుగెత్తి జగదీశ్వర్ ఒకరోజు, తెలంగాణ ఎప్పుడొస్తది సార్ అని అడిగాడు. ముందుగాల ఫ్యూజు ఊడదీసినవా అన్నాడు స్తెఫను.

రెండు నెలలైనా నాలుగో పాఠం దాటలేదు. సారవ్వ ఓపిక నశించింది.

"పరీక్ష దగ్గరికొచ్చె. నా మనవరాలితోని చీరలు మడతవెట్టిస్తవా ఏంది సారూ?"

"ముందుగాల గిది కానియ్యక్కా."

"ఏది?"

"ఛాయ్ పొయ్యి."

పోసింది. చక్కెర వేయలేదు. ఆ రోజే కాదు, పరీక్ష దాకా వేయలేదు. స్తెఫను చప్పటి ఛాయే తాగాడు. చక్కెర అడిగితే అది రెండో పని అవుతుంది మరి.

పరీక్ష రోజు బయటినుంచి ఒక అధికారి వచ్చి కాగితాలు పంచాడు. అంతా ఇంగ్లీషే, కింద ఒక బొమ్మ: రెండు స్విచ్చులు, ఒక బల్బు. మిగతావాళ్లు తీగల మీద పడ్డారు. రమ కదలకుండా నిలబడింది. కిటికీ అవతల సారవ్వ కెటిలు కింద పెట్టి లోపలికి తొంగిచూసింది.

అప్పుడు రమ బొమ్మ చూసింది, అది బల్ల మీద చేసిందే. పెదాలు కదిలాయి. "ముందుగాల మెయిను బందువెట్టాలె." పెట్టింది. "అయింది." తీగ కొలిచింది. "అయింది." అలా ఒక్కో మెట్టూ తనకు తానే అప్పజెప్పుకుంటూ, అందరికన్నా చివర ముగించింది. అధికారి ఒక స్విచ్చుతో వెలిగించి, రెండోదానితో ఆర్పాడు. ఆరిన హోల్డరుకు టెస్టరు పెట్టాడు. వెలగలేదు. ఇంతసేపెందుకు పట్టిందని అడిగితే రమ, "ఒక్కటొక్కటే చేసిన సార్" అంది. ఆయన పాసు రాశాడు.

సారవ్వ ఛాయ్ పట్టుకుని స్టోరు గదికి పోయింది. స్తెఫను కిటికీ దగ్గర, టేపు డబ్బా మీద చీమంత ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటున్నాడు. అద్దాలు లేవు.

"నీ కండ్లకు ఏ రోగం లేదు గద సారూ."

"లేదు."

"మరి ఆ పోరనితోని రోజూ చదివిచ్చుడేంది? అద్దాల కథ ఏంది?"

"ఒక్కటే అడుగక్కా."

ఆమె మొదటిదే అడిగింది.

"రమకు ఇంగ్లీషు సరిగ రాదు. మొదటి వారమే ఎర్కైంది. ఉత్తగ నొక్కుకుంట పోతున్నది. అందరి ముందట అడిగితె తెల్లారి రాకపోతుండె."

"నాకైన చెప్పొద్దా?"

"ఫుల్లుగ వస్తదని నువ్వే అంటివి. నలుగురి ముందట నీ మాట ఎట్ల తీసెయ్యాలె?"

సారవ్వ ఛాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"వస్తది. జెరంత తక్కువొస్తది" అని, వెళ్లి చక్కెర డబ్బా తెచ్చింది. గ్లాసులో ఒక చెంచా వేసి, కలిపి, ఆగింది.

"అయింది," అంది. "ఇగ?"

"ఇంకో చెంచా," అన్నాడు స్తెఫను.