లావణ్య పైదాకా ఎక్కింది

ఈ శనివారం పొద్దున కూడా పూజ ముగించుకుని, నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, మా చిన్న చెల్లెలు లావణ్య కాళ్లకు పట్టించాను. నలభై ఏళ్ల లావణ్య గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సరదాకి పోల్ డ్యాన్స్ నేర్చుకుంటోంది. నిలువు స్టీలు రాడ్‌ను కాళ్లతో బిగించి ఎక్కాలి కదా, పిక్కలు, మోకాళ్లు నల్లగా కమిలాయి. చూడలేక నెల నుంచి క్లాసుకు ముందు ఇలా రాస్తున్నాను.

ఆ నెల నుంచే అది సగం ఎత్తు కూడా ఎక్కలేక జారిపోతోంది. "ఇగ నాతోని కాదక్కా, ఇయ్యాలే ఆఖరు," అంది. ఆ ఆఖరు క్లాసైనా చూద్దామని నేనూ వెళ్లాను.

రెండుసార్లు జారింది. నేర్పే అమ్మాయి వచ్చి దాని పిక్క తడిమి చూసింది.

"ఏందక్కా గీ జిడ్డు? నేను ఇన్నిరోజులు చెమట అనుకుంటున్న! నూనె రాసుకున్నవా?"

"మా అక్క రాసింది. నొప్పులు తగ్గుతయని."

"గిట్లాంటి అక్క ఉంటే నీకు వేరే దుష్మన్ ఎందుకు!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సబ్బుతో కాళ్లు కడిగించి, తువ్వాలుతో నేనే తుడిచాను. ఈసారి లావణ్య పైకప్పు దాకా ఎక్కి, అక్కడి నుంచి "అక్కా!" అని అరిచింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

ప్రేమ కొద్దీ మీరూ ఎవరినైనా ఇలా జార్చారా? ఉంటే చెప్పండి, నాకు తోడు దొరుకుతుంది.

లావణ్య క్లాసు మానకూడదని సాయంత్రం ఇంట్లో తేల్చేశాం. కళ్లతో చూస్తే గానీ నమ్మనని అమ్మ అంటోంది కాబట్టి, వచ్చే శనివారం ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం.