పైకా, కిందికా?

పటాన్‌చెరు రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ చూసే సంగయ్యకు ఇంగ్లిష్ రాదు. ఇంగ్లిష్‌లో అనుమానాలు మాత్రం ధారాళంగా వచ్చు. అవన్నీ "అప్", "డౌన్"ల దగ్గరే పుట్టేవి. తీర్చే ఖర్మ రాజమండ్రి నుంచి వచ్చిన స్టోర్స్ ఇన్‌చార్జి సత్తిబాబుది.

"సార్, షట్‌డౌన్ అంటే ఫ్యాక్టరీ మూసుడు. షటప్ అంటే నోరు మూసుడు. రెండూ మూసుడే గద! ఒకటి కిందికి, ఒకటి పైకి ఎందుకు పాయె?"

"ముందు నువ్వు రెండోది చెయ్యవయ్యా!"

సంగయ్య చేసేవాడు. టీ తాగేంతసేపు.

తొంభై ఒకటిలో, వానలు రేపో మాపో అనగా, ఫ్యాక్టరీ ఊడ్చే దేవమ్మ గుడిసె కాలిపోయింది. పాత షెడ్డు నుంచి విప్పిన రేకులు స్టోర్స్ వెనక తుప్పు పడుతున్నాయి. నాలుగు ఇప్పించమని ఆమె అడిగితే, "మేనేజర్‌ని అడిగే ధైర్యం నాకు లేదమ్మా" అన్నాడు సత్తిబాబు.

మర్నాడు సంగయ్య దిగాడు.

"సార్, ఇల్లు కాలితే ఇంగ్లిష్‌ల ఏమంటరు?"

"బర్న్ డౌన్."

"కెమిస్ట్ వెంకటేశం సారు బర్న్ అప్ అంటుండు. మీకు రాదట."

సత్తిబాబుకు ఒళ్లు మండింది. "ఎవడికి రాదూ? కాలి కూలితే డౌన్. ఆనవాలు లేకుండా కాలితే అప్!"

"మరి దేవమ్మది ఏది?"

"నేను చూశానా?"

"సూద్దాం పాండ్రి."

చూస్తే అంతా తికమకే. కప్పు ఆనవాలు లేదు, కాబట్టి అప్. గోడలు కూలాయి, కాబట్టి డౌన్. మసిబారిన గుంజలు నిలబడే ఉన్నాయి. వాటికి ఇంగ్లిష్‌లో మాటే లేదు. సత్తిబాబు చుట్టూ తిరిగి బుర్ర గోక్కుంటుండగా వాన మొదలైంది.

గుంజలకు కట్టిన చీర కింద వండుకుంటున్న దేవమ్మ కాస్త పక్కకు జరిగింది. "లోపలికి రాండ్రి సారూ, తడుస్తరు."

సత్తిబాబు వంగి ఆ చీర కిందికి దూరాడు. మళ్లీ ఇంగ్లిష్ ఎత్తలేదు.

తెల్లారి మేనేజర్ ముందు నిలబడి రేకులు అడిగింది ఆయనే. ఆ ఊపులోనే వెంకటేశాన్ని నిలదీశాడు: "నాకు ఇంగ్లిష్ రాదని సంగయ్యతో అన్నావట?"

"నేనా? ఎప్పుడన్న సార్? సంగయ్య నన్నేం అడగనే లేదు!"

ఆదివారం సంగయ్య కప్పు మీద రేకులు బిగిస్తుంటే, కింద నిచ్చెన పట్టుకున్నాడు సత్తిబాబు.

"సార్, కాలితే రెండు మాటలున్నయ్ గద, మరి ఇల్లు లేస్తే..."

"షటప్!"

సంగయ్య సుత్తి ఆపి, కిందికి తొంగి చూశాడు.

"నేను పైన్నే ఉన్న గద సార్. ఇంకా పైకి ఏడ మూయాలె?"